పిట్స్‌బర్గ్‌లో కాపురం: సగం ఖాళీ అయిన ఊరికి ఎదురు వెళ్తున్నామా?

కొత్తచిరునామా | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా వారికి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రుల సంస్థలో, కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం ఖాయమైంది. జూన్ లోపల మారాలి. ఇంట్లో మేమిద్దరం, మూడో తరగతి చదివే పాప, మా అత్తగారు. ఆవిడకు గ్రీన్‌కార్డు ఉంది, కారు నడపడం రాదు.

జనాభా లెక్కలు చూశాక గుండె జారిపోయింది. 1950లో 6,76,806 మంది, 2020లో 3,02,971 మంది. సగం కూడా మిగల్లేదు! మేముంటున్న ఫ్రిస్కో 2000లో 33 వేల ఊరు, 2020కి రెండు లక్షలు దాటింది. పెరిగే ఊరు వదిలి తరిగే ఊరికి వెళ్లడం తెలివైన పనేనా? మనవాళ్లు ఎంతమంది ఉంటారు? బడులు ఎలా ఉంటాయి? ఎక్కడ ఉంటే మంచిది? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కలపిచ్చి | శుక్రవారం, రాత్రి 10:15

అమ్మా, మీరిచ్చిన అంకెలు రెండూ సరైనవే, పోలికే సరైనది కాదు. ఫ్రిస్కో ఖాళీ పొలాల మీదికి పాకుతూ పెరిగింది. పిట్స్‌బర్గ్‌కు ఆ వీలు లేదు, దాని చుట్టూ ఇతర మునిసిపాలిటీలు గోడల్లా నిలబడి ఉన్నాయి. అది ఉన్న అలిఘెనీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక్కదానిలోనే 130 మునిసిపాలిటీలు! కౌంటీ జనాభా 2020లో పన్నెండున్నర లక్షలు. చుట్టుపక్కల కౌంటీలు కూడా కలిపితే దాదాపు 24 లక్షలు. కాబట్టి అడగవలసింది "ఊరు ఎంత పెద్దది" అని కాదు, "ఏ గీత లోపల" అని.

తగ్గుదల నిజమే, కాదనను. కానీ అది ఎప్పుడు జరిగిందో చూడండి. 2010లో 3,05,704, 2020లో 3,02,971. పదేళ్లలో ఒక శాతం కూడా తగ్గలేదు. పోవలసినవారిలో చాలామంది నలభై ఏళ్ల క్రితమే పోయారు. పైగా 1950లో ఇంటినిండా మనుషులున్న చోట ఇప్పుడు ఇద్దరు, ఒక కుక్క.

కౌంటీలో ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు 65 దాటినవారు. నగరం లోపల మాత్రం కుర్రకారు ఎక్కువ, ఎందుకంటే పిట్ (పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం), కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రెండూ కలిపి 40 వేలకు పైగా విద్యార్థులు. నగరంలో తెల్లవారు మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ, నల్లవారు సుమారు 23 శాతం, ఆసియా వారు ఆరు శాతానికి కాస్త పైన. మీరు వస్తున్న ఫ్రిస్కోలో ఆసియా వారు దీనికి ఎన్నో రెట్లు. ఆ తేడా మీకు మొదటి వారంలోనే తెలుస్తుంది.

మొనాంగహేల‌గట్టు | శనివారం, ఉదయం 6:50

నేను 1979లో ఇక్కడికి వచ్చాను, అణువిద్యుత్ ఇంజినీరుగా. వెస్టింగ్‌హౌస్ ఆ రోజుల్లో మనవాళ్లను చాలామందిని తీసుకుంది. తూర్పు శివారు మన్రోవిల్‌లో భారతీయులు గుంపుగా కనబడడానికి మూలం అదే.

"పోయినవారు" అని లెక్కలపిచ్చి గారు ఒక్క మాటలో తేల్చేశారు. ఆ పోవడం నేను కళ్లారా చూశాను. హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం 1986లో మూతపడింది. మా వీధిలో ఒకాయన ముప్ఫై ఏళ్లు కొలిమి దగ్గర పనిచేసి, ఒకరోజు ఇంటి సామానంతా అద్దె లారీలోకి ఎక్కించాడు. ఎక్కడికి అని అడిగితే టెక్సస్ అన్నాడు. అవునమ్మా, ఆ రోజుల్లో వీళ్లంతా హ్యూస్టన్ వైపు పోయారు. మీరు ఇప్పుడు వస్తున్న దారి వాళ్లు వెళ్లిన దారే. అమెరికాలో ఏ ఊరు వెళ్లినా ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ అభిమానులు నలుపు పసుపు చొక్కాల్లో ఎదురవుతారు చూడండి. వాళ్లలో చాలామంది ఆ వలస కుటుంబాల పిల్లలు, మనవలు.

హోమ్‌స్టెడ్ స్థలంలో 1999లో దుకాణాల సముదాయం వచ్చింది. సినిమాహాలు పక్కనే పాత పొగగొట్టాలు పన్నెండు వరసగా నిలబడి ఉంటాయి, పడగొట్టలేదు. నగరం నడిబొడ్డున ఉన్న 64 అంతస్తుల భవనం పేరు యు.ఎస్. స్టీల్ టవర్. దాని నెత్తిన రాత్రిపూట వెలిగే అక్షరాలు మాత్రం యూపీఎంసీ ఆసుపత్రులవి. ఈ ఊరి కథ అంతకన్నా క్లుప్తంగా ఎవరూ రాయలేరు.

శివారుసుబ్బన్న | శనివారం, ఉదయం 9:05

పెద్దాయన కథ బాగుంది గానీ, చెల్లెమ్మ అడిగింది ఎక్కడ ఉండాలని. నా మాట వినండి. నగరం హద్దు దాటి ఉండండి. ఉత్తరాన వెక్స్‌ఫర్డ్, క్రాన్‌బెర్రీ, దక్షిణాన మౌంట్ లెబనాన్, అప్పర్ సెయింట్ క్లెయిర్. బడులు మంచివి, మనవాళ్లు ఉన్నారు.

రెండో కారణం పన్ను. రాష్ట్రానికి 3.07 శాతం ఎక్కడున్నా తప్పదు. ఆ పైన నగరంలో నివసిస్తే సంపాదన మీద ఇంకో 3 శాతం: నగరానికి ఒకటి, బడులకు రెండు. చాలా శివార్లలో ఇది 1 శాతమే. లక్ష డాలర్ల జీతానికి ఏడాదికి రెండు వేల డాలర్ల తేడా. మీరు ఎక్కడ పనిచేస్తున్నారన్నది కాదు, ఎక్కడ నిద్రపోతున్నారన్నదే లెక్క. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేని సుఖానికి అలవాటు పడ్డారు కాబట్టి మొదటి జీతం చీటీ చూసి ఉలిక్కిపడకండి. కొనుగోళ్ల మీద 7 శాతం, కానీ బట్టలకు, వంట సరుకులకు అది లేదు.

ఒక హెచ్చరిక. అద్దె ప్రకటనలో "పిట్స్‌బర్గ్" అని చిరునామా ఉన్నంత మాత్రాన అది పిట్స్‌బర్గ్ కాదు. స్కాట్, రాస్ లాంటి శివార్లకు కూడా తపాలా చిరునామా పిట్స్‌బర్గ్ అనే ఉంటుంది. ఏ మునిసిపాలిటీ, ఏ బడి జిల్లా అని విడిగా అడగండి. కౌంటీలో బడి జిల్లాలే 43.

బస్సెక్కేపంతులమ్మ | శనివారం, ఉదయం 10:30

శివారుసుబ్బన్న గారికి నమస్కారం. మీ రెండు వేల డాలర్ల లెక్కలో రెండో కారు ఖర్చు వేశారా?

నేను స్క్విరెల్ హిల్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, నగరం లోపలే. నాకు కారు లేదు. 61 నంబరు బస్సుల్లో ఏది ఎక్కినా పదిహేను ఇరవై నిమిషాల్లో ఓక్‌లండ్, అక్కడి నుంచి నడిబొడ్డుకు. పెద్ద ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, డైనోసార్ల మ్యూజియం, పెద్ద గ్రంథాలయం అన్నీ ఓక్‌లండ్‌లోనే. 1895 నాటి ఆ గ్రంథాలయం గుమ్మం మీద "ప్రజలకు ఉచితం" అని రాతిలో చెక్కి ఉంటుంది.

కొత్తచిరునామా గారూ, అసలు విషయం మీ అత్తగారు. పెన్సిల్వేనియాలో 65 నిండినవారికి బస్సు ఉచితం. ఆ డబ్బు రాష్ట్ర లాటరీ నుంచి వస్తుంది. మా అత్తగారికి కార్డు తీసుకున్నాం. ఆవిడ నెల్లూరులో ఎలా తిరిగారో ఇక్కడా అలాగే తిరుగుతున్నారు. కూరల కొట్టుకు, గ్రంథాలయానికి, కొండ ఎక్కే ఇంక్లైన్ బండికి కూడా. 1870 నుంచి నడుస్తున్న ఆ బండి సరదా బండి అనుకునేరు, బస్సు కార్డే దానికీ చెల్లుతుంది. శివారులో కూర్చోబెడితే ఆవిడ లోకం ఒక కిటికీ, ఒక టీవీ.

శివారుసుబ్బన్న | శనివారం, ఉదయం 10:52

మా అమ్మ శివారులోనే ఉంది, హాయిగా ఉంది. పెరట్లో గోంగూర, బీర పాదులు. అన్నట్టు జింకలు రాకుండా ఎత్తైన కంచె వేయాలి, లేకపోతే గోంగూర మనకు మిగలదు.

మబ్బులోమనిషి | శనివారం, మధ్యాహ్నం 1:20

గోంగూర సరే, ఎండ మాటేమిటి? నేను పరిశోధన విద్యార్థిని, నాలుగో ఏడు. నవంబరు నుంచి మార్చి దాకా ఆకాశం బూడిద రంగు సిమెంటు కప్పులా ఉంటుంది. పూర్తిగా ఎండ కాసే రోజులు ఏడాదికి అరవై దాకా అని ఇక్కడివారే చెప్పుకుంటారు. మంచు బఫెలో నగరంలోలా మోకాలి లోతు రోజూ పడదు, శీతాకాలం మొత్తానికి నలభై అంగుళాల పైచిలుకు. పడడం కన్నా కరిగి, మళ్లీ గడ్డకట్టి, వాలు వీధిని అద్దం చేయడమే ప్రమాదం. ఇక్కడివాళ్లు దాన్ని "స్లిప్పీ" అంటారు.

భాష సంగతి వచ్చింది కాబట్టి: "యింజ్" అంటే మీరందరూ. "నెబ్బీ" అంటే పక్కింటి విషయాలు ఆరా తీసేవారు. ఆ మాట వినగానే మా ఊళ్లో కనీసం పదిమంది గుర్తొచ్చారు.

ఇంకొకటి. మంచు తవ్వి కారు తీశాక ఆ ఖాళీలో ఒక పాత కుర్చీ పెట్టి పోతారు. దాని అర్థం "ఈ చోటు నాది". చట్టంలో ఎక్కడా లేదు, కానీ ఎవరూ కదపరు. నేను మొదటి ఏడాది తెలియక ఒక కుర్చీ పక్కకు జరిపి కారు నిలిపాను. పొద్దున వచ్చి చూస్తే కారు మొత్తం మంచు కింద, అదీ నా కారు ఒక్కటే.

నైట్‌డ్యూటీ | శనివారం, సాయంత్రం 5:45

ఇప్పుడే లేచాను, పేరులోనే ఉంది కదా. నర్సుగా పన్నెండేళ్లు.

ఇంట్లో పెద్దవారు ఉన్నారంటున్నారు కాబట్టి రెండు విషయాలు. ఒకటి, ఇక్కడ వైద్యం రెండు పెద్ద సంస్థల చేతుల్లో ఉంది, రెండింటికీ సొంత ఆరోగ్య బీమాలున్నాయి. ఒకప్పుడు ఒకరి బీమా కార్డు ఇంకొకరి ఆసుపత్రిలో చెల్లక జనం నానా అగచాట్లు పడ్డారు. 2019లో పదేళ్ల ఒప్పందం కుదిరి కొంత సర్దుకుంది. అయినా అత్తగారికి ఏ డాక్టరు కావాలో ముందు చూసుకుని, ఆ తర్వాత బీమా ఎంచుకోండి.

రెండోది గాలి. ఉక్కు పోయింది అంటారు గానీ పూర్తిగా పోలేదు. బ్రాడక్‌లో 1875 నాటి కర్మాగారం ఇంకా నడుస్తోంది. నది వెంబడి ఇంకొంచెం పైకి వెళ్తే క్లెయిర్టన్‌లో బొగ్గును ఉక్కు తయారీకి వాడే కోకుగా మార్చే పెద్ద కర్మాగారం ఉంది. 2025 ఆగస్టు 11న అక్కడ పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. గాలి కదలని చల్లటి తెల్లవారుజామున బరువైన గాలి లోయల్లో మూత పెట్టినట్టు నిలిచిపోతుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. కార్నెగీ మెలన్ వాళ్లు తయారుచేసిన ఒక ఫోను యాప్‌లో జనం ఆ వాసన ఎక్కడెక్కడ వస్తోందో నమోదు చేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే మొనాంగహేల లోయ వెంబడి ఇల్లు చూడకండి. ఎంత చౌకగా దొరికినా సరే.

పాతకాపు_412 | శనివారం, రాత్రి 8:10

ఇవన్నీ సరే, ఎవరూ చెప్పని మాట నేను చెబుతాను. హిల్ డిస్ట్రిక్ట్, హోమ్‌వుడ్ వైపు వెళ్లకండి. ఎందుకని అడగకండి, వెళ్లకండి అంతే.

బస్సెక్కేపంతులమ్మ | శనివారం, రాత్రి 8:31

నేను అడుగుతాను. ఎందుకు?

హోమ్‌వుడ్‌లో నేను మూడేళ్లు పాఠం చెప్పాను. తుపాకీ నేరాలు కొన్ని వీధుల్లో ఎక్కువన్న మాట అబద్ధం కాదు, అక్కడి తల్లులకు అది మీకన్నా బాగా తెలుసు. కానీ "ఎందుకని అడగకండి" అని మూసేస్తే కొత్తగా వచ్చినవారు నల్లవారు కనబడ్డ ప్రతి వీధికీ భయపడతారు. స్క్విరెల్ హిల్ ఈ ఊళ్లో అతి నెమ్మదైన పేట అంటారు. 2018 అక్టోబరు 27న అక్కడి యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని కాల్చి చంపారు. నేను ఉండేది దానికి నాలుగు వీధుల అవతల.

మొనాంగహేల‌గట్టు | శనివారం, రాత్రి 9:15

హిల్ డిస్ట్రిక్ట్ గురించి ఒక్క ముక్క. అది ఒకప్పుడు జాజ్ సంగీతానికి పేరుపడ్డ పేట, నల్లవారి దుకాణాలతో కళకళలాడేది. 1950లలో "పునర్నిర్మాణం" పేరిట కింది భాగంలో 95 ఎకరాలు చదును చేసి సుమారు 8,000 మందిని లేపేశారు. ఆ చోట 1961లో ఒక గుండ్రటి క్రీడామందిరం తెరిచారు. యాభై ఏళ్ల తర్వాత దాన్నీ కూల్చేశారు. చాలాకాలం అక్కడ మిగిలింది కార్లు నిలిపే మైదానం. పేదరికం అక్కడ దానంతట అది మొలవలేదు.

నిర్వాహకులు | శనివారం, రాత్రి 9:40

పేటల పేర్లతో "వెళ్లకండి" జాబితాలు ఇక్కడ వద్దు. ఫలానా వీధిలో ఫలానా అనుభవం అని రాయండి, అభ్యంతరం లేదు.

కొత్తచిరునామా | ఆదివారం, ఉదయం 8:00

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. గుడి సంగతి ఎవరూ ఎత్తలేదు, మా అత్తగారు మొదట అడిగింది అదే. రెండోది, ఏడాది తర్వాత ఇల్లు కొనాలని ఉంది. ఫ్రిస్కోలో మా ఇల్లు 2015లో కట్టింది. ఇక్కడ చూస్తే అన్నీ 1925, 1938!

మొనాంగహేల‌గట్టు | ఆదివారం, ఉదయం 8:40

ఎత్తకపోవడానికి కారణం, అది అందరికీ తెలుసని అనుకోవడమే. పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి 1977 జూన్‌లో ప్రతిష్ఠ అయింది. తిరుమల తిరుపతి దేవస్థానం అండతో, మన దేశం నుంచి వచ్చిన శిల్పుల చేతులతో. నేను వచ్చేసరికి గోపురం తెల్లగా కొత్తగా ఉండేది. అప్పట్లో న్యూజెర్సీ నుంచి, ఒహాయో నుంచి, కెనడా నుంచి కూడా కార్లలో వచ్చి మొక్కులు తీర్చుకునేవారు, గుండు కొట్టించుకునేవారు. ఇప్పుడు ప్రతి పెద్ద ఊళ్లోనూ గుడులున్నా వేసవి వారాంతాల్లో కొండ మీద వేరే రాష్ట్రాల నంబరు పలకలే ఎక్కువ. కింద భోజనశాలలో పులిహోర, పెరుగన్నం. పులిహోర కోసమే వచ్చేవారిని నేనెరుగుదును, ఆ జాబితాలో నా పేరూ ఉంది.

చిత్రమేమిటంటే తెలుగువారి లెక్కకు ఈ ఊరు చిన్నది, తెలుగువారి జ్ఞాపకానికి పెద్దది.

డైటెస్ట్‌బాధితుడు | ఆదివారం, ఉదయం 11:20

ఇల్లు కొనే భాగం నాకు వదిలేయండి, రెండేళ్ల క్రితం కాలిన చేతులివి.

కొండల ఊరు కాబట్టి ఇల్లు చూసేటప్పుడు గదులు కాదు, వెనక గోడ చూడండి. వానలు గట్టిగా పడిన ఏడు ఇక్కడ కొండచరియలు జారుతాయి, మామూలు ఇంటి బీమాలో అది ఉండదు. ఇళ్ల కింద పాత బొగ్గు గనులున్నాయి. నేల కుంగితే బీమా కంపెనీ నష్టం ఇవ్వదు. దానికి రాష్ట్ర ప్రభుత్వమే విడిగా బీమా అమ్ముతుంది, ఖరీదు తక్కువే, తీసుకోండి. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక రాడాన్ వాయువు పరీక్ష తప్పదు. ఆ తర్వాత నా పేరులో ఉన్న డై టెస్ట్: ఇంటి కప్పు మీది గొట్టాల్లో రంగునీళ్లు పోసి, వాననీరు అక్రమంగా మురుగు కాలవలోకి పోతోందా అని చూస్తారు. మా ఇంట్లో పోతోందని తేలింది. ఆ సంగతి అమ్మినాయనకు కూడా తెలియదట. తవ్వి సరిచేయించేసరికి వేసవి అయిపోయింది. నగరంలో అయితే నీటి గొట్టం సీసమో రాగో కనుక్కోండి. 2016లో నీళ్లలో సీసం కేంద్రం పెట్టిన హద్దు దాటాక నగరం వేల గొట్టాలు మార్చింది, మీ ఇంటిది మార్చారో లేదో అడగాలి.

ఇంటి పన్నులో ఒక మెలిక. పన్ను కోసం కౌంటీ కట్టిన ఇళ్ల విలువలు 2012 నాటివి. మీరు ఎక్కువ ధరకు కొన్నారని తెలిస్తే విలువ పెంచమని బడి జిల్లా అప్పీలు వేయవచ్చు. పక్కింటాయన పాత లెక్కలోనే కడుతుంటాడు. దీన్ని ఇక్కడ "కొత్తగా వచ్చినవారి పన్ను" అని ముద్దుగా పిలుస్తారు.

బేస్‌మెంట్‌లో గోడలూ తలుపూ లేకుండా ఒక మరుగుదొడ్డి ఒంటరిగా కనబడితే కంగారు పడకండి. పని నుంచి మసితో వచ్చిన కార్మికులు పైకి ఎక్కకుండా అక్కడే శుభ్రం చేసుకునేవారట. దాని పేరు పిట్స్‌బర్గ్ పాటీ. మా నాన్నగారు చూసి, "ఇది వాస్తుకు మంచిదేనా" అని ఒకే ప్రశ్న వేశారు.

లెక్కలపిచ్చి | ఆదివారం, మధ్యాహ్నం 12:05

మునిసిపాలిటీల సంఖ్యకు కారణం కూడా ఆ కొండలే. మ్యాపులో అర మైలు దూరం ఉన్న రెండు పేటల మధ్య లోయ ఉంటుంది, చుట్టి వెళ్లాలి. 446 వంతెనలు ఊరికే కట్టలేదు. అవి ముసలివయ్యాయి కూడా. 2022 జనవరి 28 తెల్లవారుజామున ఒక వంతెన బస్సుతో సహా కూలింది, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. ఏడాది తిరగకుండా కొత్తది కట్టారు.

నైట్‌డ్యూటీ | ఆదివారం, సాయంత్రం 6:30

దక్షిణం వైపు క్యారిక్, బ్రెంట్‌వుడ్ చూస్తే నేపాలీ మాట్లాడే భూటాన్ శరణార్థులు వేలల్లో కనబడతారు. 2008 తర్వాత వచ్చారు. వృద్ధులు చేతులు వెనక్కి కట్టుకుని సాయంత్రం నడుస్తుంటారు. వాళ్ల దుకాణాల్లో మనకు కావలసిన పప్పులు, మసాలాలు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. మీ అత్తగారికి హిందీ వస్తే అక్కడ స్నేహితులు దొరికినట్టే.

కొత్తచిరునామా | మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 10:10

వెళ్లి నాలుగు రోజులు చూసి వచ్చాం. విమానాశ్రయం నుంచి వస్తూ సొరంగంలోకి దూరి, బయటపడగానే నదులు, వంతెనలు, ఆకాశహర్మ్యాలు ఒక్కసారిగా కళ్ల ముందు పడ్డాయి. పాప "అమ్మా, ఊరు తెర తీసినట్టు వచ్చింది" అంది. మర్నాడు గుడికి వెళ్తూ ఇంకో సొరంగం ముందు నలభై నిమిషాలు ఆగిపోయాం. లోపల ఏమీ అడ్డు లేదు, సొరంగం కనబడగానే అందరూ బ్రేకు నొక్కుతున్నారు, అంతే!

శివారుసుబ్బన్న గారూ, మీరు చెప్పిన చోట్లన్నీ చూశాం. ఇళ్లు బాగున్నాయి, ఫ్రిస్కోలాగే ఉన్నాయి. మా అత్తగారు అక్కడ ఒక్క ప్రశ్న అడిగారు: "ఇక్కడి నుంచి నేను ఎక్కడికి నడవగలను?" ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. స్క్విరెల్ హిల్‌లో ఏడాదికి ఒక మేడ మీది వాటా తీసుకున్నాం. 3 శాతం కడతాం. రెండో కారు అమ్మేస్తున్నాం.

శివారుసుబ్బన్న | సోమవారం, రాత్రి 10:25

సరే చెల్లెమ్మా. ఏడాది తర్వాత ఇల్లు కొనేటప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. గోంగూర కావాలంటే జూలైలో రండి.

లెక్కలపిచ్చి | సోమవారం, రాత్రి 10:31

వీధి నుంచి గుమ్మం దాకా మెట్లెన్ని? ఈ ఊళ్లో ఇల్లు తీసుకునే ముందు అది లెక్కపెట్టాలని చెప్పడం మరిచాను. మంచు రోజుల్లో ఉప్పు చల్లుకుంటూ దిగాల్సింది మీరే.

కొత్తచిరునామా | సోమవారం, రాత్రి 10:34

ఇరవై మూడు. మా అత్తగారు అప్పుడే లెక్కపెట్టారు. సరుకుల సంచులు మోసేది మాత్రం కొడుకేనని కూడా తేల్చేశారు.

మబ్బులోమనిషి | సోమవారం, రాత్రి 10:50

ఫ్రిస్కో నుంచి సామాను వేసేటప్పుడు ఒక విరిగిన ప్లాస్టిక్ కుర్చీ పారేయకుండా తెచ్చుకోండి.